రేపు మస్టర్ పడుతుందా?

(గోదావరిఖనిలో కాంట్రాక్టు కార్మికులు, భూములు కోల్పోయిన రైతులు కలిసి జరుపుకున్న సదస్సులో మన సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



బొగ్గుబాయి కార్మికుల మనోవేదన మీద సదస్సు పెడితే రైతు సంఘానికి అక్కడేం పని అని మమ్మల్ని కొందరు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. ఒక ఇంటి సంగతి చెబితే దానికి జవాబు దొరుకుతుంది. ఆ ఇంటివాళ్ల పేరు, ఊరు మాత్రం చెప్పం. వాళ్ల బాధ వాళ్లది, దాన్ని మేము మైకులో పెట్టకూడదు.

ఈ బెల్టులోనే ఒక ఓపెన్‌కాస్టు పక్క ఊరు. తండ్రికి ఒకప్పుడు మూడెకరాలుండేది. గనికి పోయింది. వచ్చిన పరిహారంలో సగం బిడ్డ పెళ్లికి, సగం ఇంటికి అయిపోయింది. కొడుకు ఓబీ మట్టి తోలే టిప్పర్ మీద డ్రైవర్. కాంట్రాక్టు పని. నష్టపరిహారం దరఖాస్తుల కోసం మేము ఊళ్లో తిరుగుతుంటే వాళ్లమ్మ మమ్మల్ని పక్కకు పిలిచింది. "బిడ్డా, భూమి సంగతి తర్వాత. నా కొడుకు మూడు నెలల సంది రాత్రి పండుకుంటలేడు. లేచి గడపల కూసుంటడు. ఏమైంది కొడుకా అంటే ఏం లేదవ్వా అంటడు. నాకు బుగులైతుంది" అంది.

మేము ఆ అబ్బాయితో కూర్చున్నాం. చాలాసేపటికి నోరు విప్పాడు. టెండర్ గడువు దగ్గర పడింది. కొత్త కాంట్రాక్టరు వస్తాడంటున్నారు. పాతవాళ్లను తీసుకుంటాడో, తన మనుషులను తెచ్చుకుంటాడో ఎవరూ చెప్పరు. బండి ఈఎంఐ ఉంది. గిరిగిరి వడ్డీవాడు ప్రతి సాయంత్రం ఇంటికొస్తాడు. "పని పోతే పోయిందని చెప్పినా అయిపోవు అన్నా. ఏదో ఒకటి చూసుకుంటా. ఉంటదో పోతదో తెల్వకనే చచ్చిపోతున్న" అన్నాడు.

మేము అక్కడికి వెళ్లింది రైతు సంఘంగా, తండ్రి భూమి కోసం. ఆ ఇంట్లో ప్రాణం మీదికి వచ్చింది మాత్రం కొడుకు పని వల్ల. మా దస్త్రాల్లో తండ్రి పేరుంది, కొడుకు పేరు లేదు. అందుకే ఈ రోజు ఇక్కడికొచ్చాం.

ఆ అబ్బాయి అన్న మాటే మేము మీకు చెప్పదలచుకున్న మాట. పని పోవడం ఒక దెబ్బ. రేపు మస్టర్ పడుతుందో లేదో తెలియకుండా బతకడం రోజూ తగిలే దెబ్బ. మనిషిని లోపల్నుంచి తినేసేది ఈ రెండోదే. మన ఊళ్లలో దీన్ని రంది అంటాం. డాక్టర్లు దీనికి వేరే పేర్లు పెడతారు. పేరు ఏదైనా, అది ఆ మనిషి బలహీనతలోంచి పుట్టలేదు. పని ఇచ్చే పద్ధతిలోంచి పుట్టింది.

ఈ పద్ధతి మన బెల్టుకు ఎట్లా వచ్చిందో కాస్త గుర్తు చేసుకుందాం.

1871లో ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని విలియం కింగ్ కనిపెట్టాడు. 1920లో సింగరేణి కాలరీస్ అన్న పేరు వచ్చింది. గోదావరి ఒడ్డున ఈ గనులు మొదలయ్యాక నలుమూలల పల్లెల నుంచి జనం వచ్చి ఈ ఊరిని కట్టారు. బాయి పని ప్రాణాంతకం. పైకప్పు కూలుతుంది, నీళ్లు వస్తాయి, గ్యాస్ వస్తుంది. అయినా మనవాళ్లు దిగారు. ఎందుకంటే ఆ పనికి ఒక భరోసా ఉండేది. నెల తిరిగితే జీతం, ఉండటానికి క్వార్టర్, జబ్బు చేస్తే కంపెనీ ఆసుపత్రి, మెడికల్‌గా అన్‌ఫిట్ అయితే కొడుక్కి ఉద్యోగం. ప్రమాదం కింద ఉండేది, నమ్మకం పైన ఉండేది.

1990 దశకం మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా పర్మనెంట్ కార్మికులున్నారు. 2024 సెప్టెంబరులో లాభాల వాటా ప్రకటించినప్పుడు ప్రభుత్వం చెప్పిన సంఖ్య 41,837. బొగ్గు తవ్వకం తగ్గలేదు, యంత్రాలు పెరిగాయి, ఓపెన్‌కాస్టులు పెరిగాయి, పని కాంట్రాక్టర్ల చేతికి పోయింది. అదే ప్రకటనలో కాంట్రాక్టు కార్మికులు సుమారు 25 వేల మంది అని చెప్పారు. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017 మార్చిలో హైకోర్టు కొట్టేసింది. తర్వాత కారుణ్య నియామకాల పేరుతో ఒక దారి తెరిచారు కానీ అది మెడికల్ బోర్డు గడప దాటితేనే. ఎన్ని ఇళ్లలో తండ్రి రోగం ఎప్పుడు ముదురుతుందా అని కొడుకు ఎదురుచూడాల్సిన పరిస్థితి వచ్చిందో మీకు తెలుసు. తండ్రి ఆరోగ్యం బాగుంటే సంతోషించలేని కొడుకు మనసులో ఏం జరుగుతుందో ఎవరైనా ఆలోచించారా?

ఇక ఎరువుల కర్మాగారం. రైతులుగా మాకు దీంతో దగ్గరి సంబంధం ఉంది. రామగుండం ఎఫ్‌సీఐలో 1980లో ఉత్పత్తి మొదలైంది, 1999లో మూతపడింది. రెండు దశాబ్దాలు ఆ గేటు మూసే ఉంది. 2021లో ఆర్‌ఎఫ్‌సీఎల్ పేరుతో మళ్లీ యూరియా తయారీ మొదలైంది. ఫ్యాక్టరీ వస్తే మన పిల్లలకు పని దొరుకుతుందని ఎందరో ఆశపడ్డారు. 2022లో ఏం జరిగింది? కాంట్రాక్టు ఉద్యోగాలు ఇప్పిస్తామన్న దళారులకు లక్షలు కట్టి మోసపోయామని యువకులు రోడ్డెక్కారు. గమనించండి, వాళ్లు డబ్బు కట్టింది పర్మనెంట్ ఉద్యోగానికి కాదు. ఎప్పుడు తీసేస్తారో తెలియని కాంట్రాక్టు పనికి. ఉన్న అరెకరం అమ్మో, కుదువబెట్టో, రేపు ఉంటుందో లేదో తెలియని పనిని కొనుక్కునే స్థితికి పల్లె చేరింది. వ్యవసాయం ఎంత కుంగిపోయిందో చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

భూమి పోయినవాళ్ల సంగతి మరీ దారుణం. 2013 భూసేకరణ చట్టం రెండో షెడ్యూల్ చూడండి. నిర్వాసిత కుటుంబానికి ఉద్యోగం, లేదా ఒకేసారి 5 లక్షలు, లేదా నెలకు కనీసం 2 వేల చొప్పున 20 ఏళ్లు అని ఉంది. "లేదా" అన్న మాటలోనే అంతా ఉంది. ఉద్యోగం ఇవ్వలేమంటే డబ్బు చేతిలో పెట్టొచ్చు. ఆ డబ్బు ఎన్నాళ్లుంటుందో ఇక్కడున్న ప్రతి రైతుకూ తెలుసు. చివరికి ఆ రైతు కొడుకే తన పొలం ఉన్న చోట తవ్విన గుంతలో కాంట్రాక్టు పనికి పోతాడు.

ఇప్పుడు ఈ అస్థిరత మనసు మీద ఎట్లా పనిచేస్తుందో చూద్దాం. ఇది గాల్లో మాట కాదు. ఊరూరా తిరిగి మేము విన్నవే చెబుతున్నాం.

మొదటిది భయం. గుండెలో నొప్పిగా ఉందని చెబితే అన్‌ఫిట్ అని తీసేస్తారేమోనని చెప్పరు. జ్వరమొస్తే మాత్ర వేసుకుని పోతారు. సూపర్‌వైజర్ తిడితే తల వంచుకుంటారు. ఆ కోపం ఇంటికొచ్చి భార్య మీద, పిల్లల మీద తీరుతుంది, లేదా మందు సీసాలో మునుగుతుంది.

రెండోది నిద్ర. మూడు షిఫ్టుల పనికి శరీరం ఎట్లాగూ తిప్పలు పడుతుంది. దానికి తోడు టెండర్ ముగిసే నెల వచ్చిందంటే వారాల తరబడి కంటి మీద కునుకుండదు. నిద్ర లేని మనిషి భారీ బండి నడుపుతున్నాడంటే అది అతని ఒక్కడి సమస్యా? గని భద్రత సమస్య కాదా?

మూడోది అప్పు. జీతం ఏ తేదీన పడుతుందో తెలియనివాడికి బ్యాంకు అప్పు ఇవ్వదు. గిరిగిరి వాడు ఇస్తాడు. అసలు తీరదు, వడ్డీ ఆగదు. పంట చేతికి రాక ముందే షావుకారుకు రాసిచ్చే రైతుకూ ఇతనికీ తేడా ఏముంది?

నాలుగోది అవమానం. ఇది అన్నిటికన్నా లోతుగా దిగుతుంది. ఒకే గనిలో ఇద్దరు పక్కపక్కన పనిచేస్తారు. 2024 దసరాకు ముందు లాభాల వాటా ప్రకటించారు. పర్మనెంట్ కార్మికుడికి సగటున 1.90 లక్షలు. కాంట్రాక్టు కార్మికుడికి 5 వేలు. కాంట్రాక్టు వాళ్లకు ఏదైనా ఇవ్వడం అదే మొదటిసారి, అందుకు సంతోషమే. కానీ పండుగ పూట ఆ రెండు ఇళ్ల పిల్లలు ఒకే వాడలో ఆడుకుంటారు. "మా నాయినకు ఎందుకు రాలేదమ్మా" అని బిడ్డ అడిగితే తల్లి ఏం చెప్పాలి? పర్మనెంట్ అన్నల మీద మాకు అసూయ లేదు. వాళ్లది వాళ్ల చెమట. అదే చెమట కార్చినవాడికి అదే గౌరవం ఎందుకు లేదన్నదే మా ప్రశ్న.

ఆడవాళ్ల సంగతి ఎవరూ మాట్లాడరు. ఊడ్పు పని, ఆసుపత్రుల్లో సఫాయి పని, తోటపని చేసేది ఎక్కువగా మన అక్కచెల్లెళ్లే. వాళ్లకు పని భయం ఒకటి, ఇంట్లో మొగుడి రంది మోయడం ఇంకొకటి. "ఆయన రంది నేను చూస్త, నా రంది ఎవరు చూస్తరు?" అని ఒక అక్క మమ్మల్ని అడిగింది. మా దగ్గర జవాబు లేదు.

ఇది మన దగ్గరే కనిపించిన విషయం కాదు. ఆస్ట్రియాలో వియన్నా దగ్గర మారియంతాల్ అనే చిన్న ఊరు ఉండేది. అక్కడి బట్టల మిల్లు మూతపడి ఊరంతా పని పోయింది. 1930 దశకం మొదట్లో పరిశోధకులు వెళ్లి చూశారు. చేతిలో బోలెడు ఖాళీ సమయం, కానీ గ్రంథాలయంలో పుస్తకాలు తీసుకునేవాళ్లు తగ్గిపోయారు. మగవాళ్ల నడక వేగం కూడా తగ్గింది. పని పోతే జీతమే కాదు, రోజుకున్న లెక్క, పదిమందిలో ఉన్న విలువ కూడా పోతాయని ఆ ఊరు చూపించింది. 1990 దశకంలో బ్రిటన్‌లో ఇంకో విషయం తేలింది. ఒక ప్రభుత్వ శాఖను ప్రైవేటు చేయబోతున్నారని తెలిసిన ఉద్యోగుల ఆరోగ్యం, ఇంకా ఒక్కరి ఉద్యోగమూ పోకముందే, మిగతా శాఖల వాళ్లకన్నా దిగజారింది. మన టిప్పర్ డ్రైవర్ గడపలో కూర్చుని చెప్పింది ఇదే.

మన దేశం లెక్కలు చూద్దాం. జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం 2021లో దేశంలో 1,64,033 మంది ఆత్మహత్య చేసుకున్నారు. అందులో 42,004 మంది దినసరి కూలీలు. అంటే ప్రతి నలుగురిలో ఒకరు. వ్యవసాయ రంగంలో 10,881 మంది. వాళ్లలో రైతులు 5,318, వ్యవసాయ కూలీలు 5,563. రైతు కన్నా కూలీ సంఖ్య ఎక్కువ. ఏ మరణానికీ కారణం ఒక్కటే ఉండదు, ఆ మాట ఒప్పుకుంటాం. కానీ ఇన్ని వేల ఇళ్లు ఒకే వరుసలో ఉంటే ఆ వరుసను చూడకుండా ఉండలేం.

ఇక్కడ మా తప్పు కూడా ఒప్పుకోవాలి. రైతు ఆత్మహత్య జరిగితే మేము వెళ్తాం. వెళ్లగానే మొదట అడిగేది పట్టా పాస్‌బుక్ ఉందా అని. ఉంటేనే అది రైతు మరణం, ఉంటేనే 2018లో వచ్చిన రైతుబీమా 5 లక్షలు. కౌలు రైతు అయితే లేదు. కూలీ అయితే లేదు. భూమి గనికి పోయి కాంట్రాక్టు పనికి చేరిన రైతు కొడుకైతే అతను ఏ జాబితాలోనూ లేడు. సర్కారు ఈ గీత గీసిందని మేము విమర్శిస్తూనే, మా దస్త్రాల్లో అదే గీత గీశాం. దాన్ని చెరిపేయాలని మా కార్యవర్గం నిర్ణయించింది.

ఇప్పుడు రెండు వాదనలకు జవాబు చెప్పాలి. ఒకటి, "మనిషికి ధైర్యం ఉండాలి, అంతే" అనేవాళ్లది. బాయిలోకి దిగేవాడికి ధైర్యం లేదంటారా? ఎండిన చేనులో మూడోసారి విత్తనం వేసేవాడికి ధైర్యం లేదంటారా? వాళ్లకు కొరవైంది భరోసా. రెండోది మన సంఘాల్లోనే వినిపించే మాట. "ఉద్యోగాలు పర్మనెంట్ అయితే అన్నీ పోతాయి, ఈ కౌన్సెలింగులు ఎందుకు" అని. మూలం అక్కడే ఉంది, నిజమే. కానీ ఈ రాత్రి గడపలో కూర్చున్నవాడు పోరాటం గెలిచేదాకా బతికుండాలి కదా. పర్మనెంట్ పని కోసం కొట్లాట, ఈ రాత్రికి తోడు, రెండూ కావాలి. ఒకటి చూపించి ఇంకొకటి ఎగ్గొట్టడానికి వీల్లేదు.

కొట్లాట విషయంలో చట్టం మన పక్కన కొంత ఉంది. 1970 కాంట్రాక్టు లేబర్ చట్టం పదో సెక్షన్, 2025లో ఆ చట్టం పోయేదాకా, ఏడాది పొడుగునా ఉండే పనుల్లో కాంట్రాక్టు పద్ధతిని నిషేధించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. 2016 అక్టోబరులో సుప్రీంకోర్టు, పంజాబ్ తాత్కాలిక ఉద్యోగుల కేసులో, సమాన పనికి సమాన వేతనం ఇవ్వాల్సిందేనని చెప్పింది. కానీ కొత్త లేబర్ కోడ్‌లో కాంట్రాక్టు నిబంధనలు వర్తించాలంటే 20 మంది బదులు 50 మంది ఉండాలి. చిన్న చిన్న కాంట్రాక్టర్ల కింద ఉన్నవాళ్లు బయట పడిపోతారు. 2022 సెప్టెంబరులో సింగరేణి కాంట్రాక్టు కార్మికులు సమ్మె చేశారు. ఆ రోజుల గురించి ఒక అన్న మాతో అన్నాడు. "జీతం లేదు, ఇంట్లో తిప్పలే. కానీ ఆ రోజులు మంచిగ నిద్ర పట్టింది" అని. టెంటు కింద పదిమందిలో కూర్చున్నప్పుడు తన బాధ తన ఒక్కడిది కాదని తెలిసింది. సంఘం అన్నది మనసుకు కూడా మందే.

అందుకే ఈ సదస్సు ముందు మేము పెడుతున్న మాటలు ఇవి.

టెండర్ మారినా మనుషులు మారకూడదు. కాంట్రాక్టర్ ఎవరైనా పాత కార్మికులను కొనసాగించాలన్న షరతు టెండర్ కాగితంలోనే రాయాలి. కోల్ ఇండియాలో ఉన్న హైపవర్ కమిటీ వేతనాలు ఇక్కడా అమలు చేయాలి. జీతం తేదీ తప్పకూడదు. కాంట్రాక్టు కార్మికుడికీ అతని కుటుంబానికీ పర్మనెంట్ వాళ్లతో సమానంగా వైద్యం ఉండాలి, అందులో మానసిక వైద్యం కూడా ఉండాలి. భూమి ఇచ్చిన ఇంటికి "లేదా" లేకుండా ఉద్యోగం ఇవ్వాలి. ఆత్మహత్య సాయం పాస్‌బుక్‌తో ముడిపెట్టకుండా కౌలు రైతుకు, కూలీకి, కాంట్రాక్టు కార్మికుడికి అందాలి.

మనం మనకు మనం చేసుకోవాల్సినవి కూడా ఉన్నాయి. 14416 నంబరు రాసుకోండి. టెలి మానస్ అంటారు, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుడి దగ్గరికి పోవడం సిగ్గుపడాల్సిన పని కాదు. బీపీకి మందు వేసుకున్నట్టే ఇదీ. ఎవరైనా ప్రాణం తీసుకోబోయి బతికితే పోలీసు కేసు అవుతుందని దాచకండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ఆ మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నాడని భావించి శిక్ష నుంచి కాపాడుతుంది, సంరక్షణ ఇచ్చే బాధ్యత సర్కారు మీద పెడుతుంది.

నిద్ర పోనివాడు, తిండి మానినవాడు, నలుగురిలో కూర్చోవడం మానేసినవాడు, ఉన్నట్టుండి బాకీలు, కాగితాలు అన్నీ సర్దుతున్నవాడు కనిపిస్తే వాడిని ఒంటరిగా వదలకండి. అడిగితే ఆలోచన పుట్టిస్తామేమో అని భయపడకండి. "తమ్మీ, చచ్చిపోవాలనిపిస్తుందా" అని సూటిగానే అడగండి. అడగడం వల్ల ప్రమాదం పెరగదు. పక్కన కూర్చుని వినండి, నీతులు చెప్పకండి. పురుగుమందు డబ్బాలు ఇంట్లో అందుబాటులో ఉంచకండి, తాళం వేసిన చోట పెట్టండి. వడ్డీవాడు ఇంటి ముందుకొచ్చి పరువు తీస్తుంటే ఆ సాయంత్రం సంఘం వాళ్లు నలుగురు అక్కడ ఉండాలి.

మా వైపు నుంచి ఒక పని మొదలుపెడుతున్నాం. ఇకనుంచి మేము ఏ ఊరికి పోయినా భూమి దస్త్రంతో పాటు ఇంట్లో ఎవరు ఏ పని చేస్తున్నారు, ఆ పని ఎప్పటిదాకా ఉంటుంది అని కూడా రాసుకుంటాం. కార్మిక సంఘాల మిత్రులు మాతో రావాలి. టెండర్ గడువు ముగిసే నెలలో ఆ వాడలకు ఇద్దరం కలిసి పోదాం.

మొదట చెప్పిన అబ్బాయి సంగతి చెప్పి ముగిస్తాం. వాళ్లమ్మా, మా కార్యకర్తా కలిసి అతన్ని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోయారు. మందులు వాడుతున్నాడు, ఇప్పుడు నిద్ర పడుతోంది. వడ్డీవాడితో నలుగురు పెద్దమనుషులు కూర్చుని లెక్క తేల్చారు. కొత్త కాంట్రాక్టరు వచ్చాడు, ఇతన్ని పనిలోకి తీసుకున్నాడు. ఆ టెండరుకూ గడువు ఉంది. అది ముగిసే నెల ఏదో వాళ్లమ్మ క్యాలెండర్ మీద గీత గీసి పెట్టుకుంది. ఆ తల్లి గోడ మీద అలాంటి గీత గీసుకోవాల్సిన అవసరం లేని రోజు దాకా మన పని అయిపోలేదు.

సెలవు.